షామియానా కింద బేస్ గిటార్: ఏ ఆంప్ కొనాలి, దాన్ని ఎలా సరిచేసుకోవాలి

బేస్ గిటార్‌కు ఆంప్, అంటే యాంప్లిఫయర్, కొనదలచినవారు దుకాణంలో అడుగుపెట్టగానే ఎన్ని వాట్లని అడుగుతారు. ఆ ప్రశ్నలో తప్పు లేదు గానీ, దానికంటే ముందు తేల్చుకోవలసినది మరొకటి ఉంది. మీరు వాయించే చోట జనం చెవికి బేస్ ఏ దారిన చేరుతోంది? మీ వెనుక ఉన్న ఆంప్ నుంచి నేరుగా చేరుతోందా, లేక మైకుసెట్టు వారి మిక్సర్ గుండా వేదిక ముందు పేర్చిన పెద్ద పెట్టెల నుంచి చేరుతోందా? మొదటిదైతే హాలు మొత్తాన్నీ నింపే భారం మీ ఆంప్ మీదే పడుతుంది. రెండోదైతే మీకూ మీ పక్కన వాయించేవారికీ వినిపిస్తే దాని పని ముగిసినట్టే. ఈ సంగతి తేల్చుకోకుండా కొన్న ఆంప్‌లు చాలావరకు ఇంట్లో పులి, వీధిలో పిల్లి అన్న సామెతకు ఉదాహరణలుగా మిగిలిపోతాయి.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వాయించేవారికి ఈ రెండు పరిస్థితులూ ఒకే వారంలో ఎదురవుతాయి. శనివారం రాత్రి కావలిలోనో ఒంగోలులోనో కల్యాణ మండపంలో పెళ్లి ఆర్కెస్ట్రా ఉంటుంది, తెల్లవారితే చర్చిలో ఆరాధన ఉంటుంది. భాద్రపదంలో వినాయక చవితి పందిళ్లు, చలికాలంలో ఊరి బయటి మైదానాల్లో మూడేసి రోజుల సువార్త సభలు సరేసరి. మా ప్రాంతంలో బేస్ గిటార్‌ను ముఖ్యంగా నిలబెట్టినవి చర్చిలే అని నా అభిప్రాయం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు 1840లో నెల్లూరుకు, 1866లో ఒంగోలుకు వచ్చి స్థిరపడిన తరువాత ఇక్కడ అందరూ గొంతు కలిపి పాడే అలవాటు వేళ్లూనుకుంది. ఆ పాట వెనుక హార్మోనియం ఉన్న చోటికి కీబోర్డు వచ్చింది, కీబోర్డు పక్కకు బేస్ గిటార్ చేరింది. కాబట్టి ఈ సలహా రాస్తున్నప్పుడు నా కళ్ల ముందున్నది పట్టణపు రాక్ వేదిక కాదు. బల్లల మీద పలకలు పరిచి కట్టిన డయాస్, దాని పక్కన జనరేటరు, ఆంప్‌ను బైకు వెనుక కట్టుకొని వచ్చిన కుర్రవాడు నా కళ్ల ముందున్నారు.

ముందు వదిలేయవలసిన వాటి గురించి

లీడ్ గిటార్ ఆంప్‌లో బేస్ వాయించకండి. బేస్‌లోని అడుగు తీగ, అంటే ఇ తీగ, సుమారు 41 హెర్ట్జ్ వద్ద మోగుతుంది. మామూలు గిటార్‌లోని అడుగు తీగ 82 హెర్ట్జ్ వద్ద మోగుతుంది. ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దిగినప్పుడు అంతే శబ్దం రావాలంటే స్పీకర్ కోను నాలుగు రెట్లు ఎక్కువ దూరం ముందుకూ వెనక్కూ ఊగాలి. గిటార్ స్పీకర్లను అంత ఊగడానికి తయారు చేయరు. పైగా ఆ పెట్టెల వెనుకభాగం చాలావరకు తెరిచే ఉంటుంది కనుక కింది స్వరాలు అక్కడే చెల్లిపోతాయి. కీబోర్డు ఆంప్ అంత ప్రమాదకరం కాదు, రిహార్సల్‌కు సరిపోతుంది. అయితే కీబోర్డు, బేస్ ఒకే పెట్టెలో నుంచి వస్తే ఏది ఎవరిదో వాయించేవారికే తెలియదు.

కాంబో, హెడ్డు, లేదా పెడల్

మిగిలిన దారులు మూడు. ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండే కాంబో ఒకటి. హెడ్డు, అంటే స్పీకర్ లేని ఆంప్, వేరుగా, స్పీకర్ క్యాబినెట్ వేరుగా కొనుక్కోవడం రెండోది. అసలు ఆంప్ లేకుండా డీఐ పెడల్, అంటే గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు తగినట్టు మార్చే చిన్న పెట్టె, ఒకటి పెట్టుకొని నేరుగా మిక్సర్‌కు పంపడం మూడోది.

మూడోదాని గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే ఈమధ్య అందరూ అటే మొగ్గుతున్నారు. టెక్ 21 వారి శాన్స్ ఆంప్ బేస్ డ్రైవర్ వంటి పెడల్ గాని, అదే తరహాలో తక్కువ ధరకు దొరికే బెహ్రింగర్ బీడీఐ21 గాని గిటార్ సంచి జేబులో పడతాయి. పల్లెవెలుగు బస్సులో ఒళ్లో పెట్టుకొని పోవచ్చు. మైకుసెట్టు మంచిదై, వారు సబ్‌వూఫర్లు, అంటే మనవారు బేస్ బాక్సులని పిలిచేవి, తెస్తూ, వేదిక మీద మీ వైపు తిప్పిన స్పీకరు, అంటే మానిటర్, ఒకటి ఇస్తే ఇంతకంటే సుఖమైన మార్గం లేదు. ఈ మూడు షరతుల్లో ఏ ఒక్కటి తప్పినా కష్టం మొదలవుతుంది. మానిటర్ లేకపోతే మీరు వాయించేది మీకు వినిపించదు. బేస్ బాక్సులు లేకుండా ఎనిమిది అంగుళాల స్పీకర్లున్న కాలమ్ పెట్టెలు మాత్రమే తెచ్చే చిన్న సెట్టులోకి బేస్‌ను పంపితే పాట మురికిగా మారుతుంది, పాడేవారి మాట చెడుతుంది, గట్టిగా పెంచితే ఆ స్పీకర్లే పోతాయి. అందుకే కార్యక్రమం ఒప్పుకొనేటప్పుడే "అన్నా, బేస్ బాక్సులు తెస్తున్నారా?" అని సెట్టు యజమానిని ఫోనులో అడగడం నా అలవాటు. ఆ ఒక్క జవాబుతో ఆ రోజు ఏది మోసుకుపోవాలో తేలిపోతుంది.

హెడ్డు, క్యాబినెట్ విడివిడిగా కొనే పద్ధతికి పేరు తెచ్చింది ఆంపెగ్ ఎస్‌వీటీ. 1969లో వచ్చిన ఆ వాల్వుల హెడ్డు 300 వాట్లది; దాని కింద పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న పెట్టె ఉంటుంది. బేస్‌ను పెద్ద మైకుసెట్టు మోయలేని కాలంలో మైదానాన్నంతా నింపడానికి పుట్టిన యంత్రం అది, దాన్ని ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాలి. మన పనికి అది అక్కరలేదు. అక్కరలేకపోవడమే కాదు, వాల్వులు పోతే మార్చి బయాస్ (వాల్వుల్లో పారే కరెంటు) సరిచేసే మెకానిక్‌ను మన జిల్లాల్లో వెతుక్కోవడం మరో పని అవుతుంది. ఇప్పటి క్లాస్ డీ అనే తేలిక తరహా హెడ్లు అదే శక్తిని రెండు మూడు కిలోల్లో ఇస్తున్నాయి. క్యాబినెట్ విడిగా ఉండటం వల్ల లాభమేమిటంటే, చిన్న హాలుకు ఒక పెట్టె, మైదానానికి రెండు పెట్టెలు తీసుకుపోవచ్చు. సొంత బండి ఉన్నవారికి, బేస్ బాక్సులు లేని బహిరంగ సభల్లో తరచుగా వాయించేవారికి నేను ఈ దారినే చెబుతాను.

అయితే ఈ దారిలో ఓమ్‌ల (స్పీకరు కరెంటుకు చూపే అడ్డు కొలత) లెక్క తెలియకుండా అడుగు వేయకూడదు. ఎనిమిది ఓమ్‌ల పెట్టెలు రెండు కలిపితే హెడ్డుకు నాలుగు ఓమ్‌లుగా కనబడతాయి. నాలుగు ఓమ్‌ల పెట్టెలు రెండు కలిపితే రెండు ఓమ్‌లు అవుతాయి. హెడ్డు వెనుక కనీసం నాలుగు ఓమ్‌లు అని రాసి ఉంటే ఆ రెండో జత దాన్ని కాల్చేస్తుంది, లేదా పాట మధ్యలో ఆపేస్తుంది. 500 వాట్లని ముందు భాగాన రాసి ఉన్న హెడ్డు ఆ శక్తిని చాలావరకు నాలుగు ఓమ్‌లకే ఇస్తుంది. ఒక్క ఎనిమిది ఓమ్‌ల పెట్టెతో అందులో సగానికి కాస్త అటూ ఇటూ మాత్రమే వస్తుంది. హెడ్డు నుంచి పెట్టెకు వేసే తీగ స్పీకర్ తీగే కావాలి. గిటార్ కేబుల్ జాక్ అక్కడ పడుతుంది కదా అని వాడితే సన్నని తీగ వేడెక్కుతుంది.

ఇక కాంబో. ఎక్కువమందికి తగినది ఇదే. ఫెండర్ రంబుల్ 100 లాంటిది పన్నెండు అంగుళాల స్పీకరుతో 10 కిలోల బరువు ఉంటుంది, మిక్సర్‌కు పంపడానికి ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్‌పుట్ ఉంటుంది. అదే వరుసలోని రంబుల్ 500 రెండు పది అంగుళాల స్పీకర్లతో పదహారున్నర కిలోలు తూగుతుంది. చర్చి హాలులో డ్రమ్స్‌కు బదులు రిథమ్ ప్యాడ్ ఉండి, మీ వాయిద్యం మిక్సర్‌కు కూడా పోతుంటే మొదటిది చాలు. నిజమైన డ్రమ్స్ పక్కన, మిక్సర్ సాయం లేకుండా వాయించవలసి వస్తే వంద వాట్లు వెనకబడతాయి. పదిహేను అంగుళాల స్పీకర్ ఉంటేనే లోతు వస్తుందన్న నమ్మకం మన వైపు బలంగా ఉంది. లోతు పెట్టె నిర్మాణం మీద ఆధారపడి ఉంటుంది, అంగుళాల మీద కాదు. మంచి పెట్టెలోని రెండు పదులు నాసిరకం పదిహేను కంటే కిందికి దిగడం నేను పలుమార్లు విన్నాను.

వాట్ల గురించి ఇంత ఆలస్యంగా చెప్పడానికి కారణం ఉంది. వాట్లు రెట్టింపైతే పెరిగేది మూడు డెసిబెళ్లు మాత్రమే, అంటే చెవికి కాస్త పెరిగినట్టు అనిపిస్తుంది. శబ్దం రెట్టింపైనట్టు తోచాలంటే సుమారు పది రెట్లు వాట్లు కావాలి. 97 డెసిబెళ్ల సెన్సిటివిటీ (ఒక వాట్‌కు ఇచ్చే శబ్దం) ఉన్న స్పీకరుకు 100 వాట్లు ఇస్తే వచ్చే శబ్దం 94 డెసిబెళ్ల స్పీకరుకు 200 వాట్లు ఇస్తే వచ్చినంత ఉంటుంది. కాబట్టి 100 వాట్లదా 150 వాట్లదా అని తర్జనభర్జన పడి అదనంగా డబ్బు పెట్టడం దండగ. 100 నుంచి కదలదలిస్తే 300కో 500కో కదలండి, లేకపోతే అక్కడే ఉండండి.

బరువు తక్కువ కావడం ఎంత సుఖమో, మరమ్మతు అంత కష్టం. పాత తరహా, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న బరువైన ఆంప్ పోతే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు మార్చి సాయంత్రానికి చేతికిచ్చే మైకుసెట్టు మెకానిక్‌లు కందుకూరు, కనిగిరి వంటి ఊళ్లలో కూడా ఉన్నారు. క్లాస్ డీ ఆంప్ పోతే వారు బోర్డు చూసి తల అడ్డంగా ఊపుతారు. బోర్డు మొత్తం మార్చవలసి వస్తుంది, దాని కోసం చెన్నైకో హైదరాబాదుకో పంపాలి. నేను తేలికదానికే ఓటు వేస్తాను, ఎందుకంటే ఆంప్ పోయే రోజులకంటే ఆంప్ మోసే రోజులే ఎక్కువ. వారంటీ కాగితం మాత్రం జాగ్రత్తగా దాచుకోండి. విదేశాల నుంచి బంధువులు తెచ్చినదైతే వెనుక 120 వోల్టులని ఉందా, 230 అని ఉందా చూడకుండా ప్లగ్గు పెట్టవద్దు. అటువంటి కాంబో ఒకటి నా ఎదుటే ఒక క్షణం వెలిగి, ఘాటైన వాసన వదిలి ఆరిపోయింది.

నెల్లూరు దుకాణాల్లో కీబోర్డులు, తబలాలు దొరికినంత తేలికగా బేస్ ఆంప్‌లు వరుసగా పెట్టి వినే అవకాశం దొరకదు. అందుకే మనవారు చెన్నై వెళతారు. 1842లో మొదలై ఇప్పుడు అణ్ణా సాలైలో ఉన్న మ్యూజీ మ్యూజికల్ వంటి పెద్ద దుకాణాల్లో విని చూడవచ్చు. మీ బేస్ మీరే పట్టుకుపోండి. దుకాణంలో వారు ఇచ్చే ఖరీదైన బేస్‌తో ఏ ఆంపైనా బాగానే పలుకుతుంది. టోన్ నాబ్‌లన్నీ మధ్యలో పెట్టించి, ఇ తీగను ఖాళీగా గట్టిగా మీటి, రెండు మూడు గజాలు వెనక్కి వెళ్లి నిలబడి వినండి. తరువాత పెట్టెను ఒంటి చేత్తో దుకాణం ఈ చివర నుంచి ఆ చివరకు మోసి చూడండి. కొనేవారిలో ఈ రెండో పరీక్ష చేసినవారిని నేను ఇద్దరు ముగ్గురినే చూశాను.

సరిచేసుకోవడం

ఆంప్ ఏదైనా, వేదిక మీద మొదటి పని గెయిన్, అంటే ఆంప్‌లోకి వచ్చే సిగ్నల్ స్థాయి, సరిచేయడం. మాస్టర్ వాల్యూమ్ తగ్గించి, మీరు ఆ రాత్రి ఎంత గట్టిగా వాయించబోతున్నారో అంత గట్టిగా మీటుతూ గెయిన్ పెంచండి. శబ్దం పగిలే హద్దును చూపే క్లిప్ దీపం అప్పుడప్పుడు మిణుకుమన్న చోట ఆగి, కొద్దిగా వెనక్కి తిప్పండి. బేస్‌లో బ్యాటరీ ఉంటే, అంటే యాక్టివ్ అయితే, ఆంప్ మీద యాక్టివ్ అని రాసిన ఇన్‌పుట్ గాని సిగ్నల్‌ను తగ్గించే ప్యాడ్ బొత్తం గాని వాడండి. అటుపైన నాబ్‌లన్నీ గడియారంలో 12 గంటల వైపు నిటారుగా ఉంచి మొదలుపెట్టండి. కొన్ని పాత తరహా ఆంప్‌ల్లో మాత్రం నిటారు అంటే సమతూకం కాదు. వాటిలో మిడిల్ నాబ్ బాగా పెంచి, బేస్, ట్రెబుల్ బాగా తగ్గించినప్పుడే సమతూకానికి దగ్గర వస్తుంది.

కాంటూర్, స్కూప్ అనే బొత్తాలను ముట్టుకోకండి. ఇవి చేసే పని నడిమి స్వరాలను తగ్గించి అడుగును, పైభాగాన్ని పెంచడం. ఇంట్లో ఒంటరిగా, మెల్లగా వాయించేటప్పుడు ఇది ఎంతో తీయగా ఉంటుంది, దానికి కారణం మన చెవే. తక్కువ శబ్దంలో చెవి అడుగు స్వరాలను సరిగా పట్టుకోలేదని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చూపారు. వేదిక మీద శబ్దం పెరిగేసరికి ఆ లోటు తగ్గిపోతుంది, మీరు తగ్గించుకున్న నడిమి స్వరాలు మాత్రం తిరిగి రావు. అప్పుడు జనానికి అదురు తెలుస్తుంది, ఏ స్వరం వాయిస్తున్నారో తెలియదు. ఎనభైల నాటి సినిమా పాటల్లో బేస్ రెండో గొంతులా కదులుతూ ఉంటుంది. ఆ పాటలు వాయించే ఆర్కెస్ట్రాకు 250 నుంచి 800 హెర్ట్జ్ మధ్య భాగమే ప్రాణం.

ఈ సంగతి నాకు కొత్తపట్నం దగ్గర సముద్రపు ఒడ్డున తెలిసి వచ్చింది. ముందు రోజు కల్యాణ మండపంలో గంభీరంగా పలికిన ఆంప్ ఇసుకలో పెట్టేసరికి చప్పబడిపోయింది. గోడలు, పైకప్పు తిప్పి పంపే అడుగు స్వరాలు ఆరుబయట తిరిగి రావు. నేను ఆ లోటును పూరించాలని బేస్ నాబ్‌ను చివరికంటా తిప్పాను. రెండో పాటకల్లా స్పీకరు బరబరమనడం మొదలుపెట్టింది. చాలా ఆంప్‌ల్లో ఆ నాబ్ చివర వరకు 12 డెసిబెళ్లు పెంచుతుంది, అంటే ఆ స్వరాలకు 16 రెట్లు వాట్లు అడిగినట్టు లెక్క. ఏ 100 వాట్ల ఆంపూ ఆ అప్పు తీర్చలేదు. ఇప్పుడు ఆరుబయట నేను బేస్ నాబ్‌ను 12 గంటల దగ్గరే, అవసరమైతే ఇంకా కిందే ఉంచి, లో మిడ్ (అడుగుకు కాస్త పైనున్న నడిమి స్వరాలు) కొద్దిగా పెంచుతాను. చిన్న పెట్టె 41 హెర్ట్జ్‌ను సరిగా పలకకపోయినా, దాని పై స్వరాలైన 82, 123 హెర్ట్జ్ బాగా వినిపిస్తే చెవి ఆ అడుగు స్వరాన్ని తానే కల్పించుకుంటుంది. వెనుక గోడ గాని లారీ గాని ఉంటే ఆంప్‌ను దానికి ఆనించినంత దగ్గరగా పెట్టండి, అడుగు స్వరాలు ఉచితంగా పెరుగుతాయి.

హాలులో దీనికి పూర్తిగా వ్యతిరేకమైన బాధ ఉంటుంది. స్లాబు కప్పు మూడున్నర మీటర్ల ఎత్తున ఉన్న చర్చిలో సుమారు 49 హెర్ట్జ్ ధ్వని నేలకూ కప్పుకూ మధ్య సరిగ్గా ఇమిడి నిలబడిపోతుంది. అది ఇ తీగ మీద మూడో ఫ్రెట్‌లోని జి స్వరం. జి స్కేలు పాట వచ్చిన ప్రతిసారీ ఆ ఒక్క స్వరం హాలంతా హుమ్మని ఊగిపోతే బేస్ ఎక్కువైందని అందరూ అంటారు. అప్పుడు వాల్యూమ్ తగ్గిస్తే మిగిలిన స్వరాలు మాయమవుతాయి. బేస్ నాబ్ తగ్గించడం కొంత మేలు. ఆంప్‌ను మూలలో నుంచి బయటికి జరపడం, ఆ జి స్వరాన్ని ఒక స్థాయి పైన, డి తీగ మీద ఐదో ఫ్రెట్‌లో వాయించడం ఇంకా మేలు. బోలు డయాస్ మీద ఆంప్ పెట్టవలసి వస్తే కింద మడిచిన గోనె సంచి గాని పాత బొంత గాని వేయండి, పలకలు తోడు పాడకుండా ఉంటాయి. వీలైతే ఇనుప పెట్టె మీదికెత్తి స్పీకరును మీ చెవి వైపు వంచండి. కాళ్ల దగ్గర ఉన్న ఆంప్ మీకు వినిపించక పెంచుకుంటూ పోతే, ముందు వరుసలో కూర్చున్న పెద్దలు పక్కకు లేచి పోతారు.

ఏ నాబ్‌తోనూ సరికాని చిక్కు ఒకటుంది. కీబోర్డు వాయించే ఆయన ఎడమ చెయ్యి. బేస్ గిటార్ లేని రోజుల్లో ఆయనే బేస్ పూరించేవాడు, ఆ అలవాటు పోలేదు. ఇద్దరూ ఒకే చోట పడితే ఎంత ఖరీదైన ఆంపైనా బురదే. రిహార్సల్‌లోనే మర్యాదగా, "అన్నా, మీ ఎడమ చెయ్యి ఒక స్థాయి పైకి పోనిస్తారా" అని అడగండి. ఢోలక్, తబలా ఉన్న బృందంలో ఎడమ చేతి గుమ్మనే మోత సుమారు వంద హెర్ట్జ్ చుట్టూ ఉంటుంది గనుక అక్కడ మీరు కాస్త తగ్గి, దాని పైన స్పష్టంగా ఉండటం మంచిది. పై స్వరాల చిన్న స్పీకరైన ట్వీటర్‌ను, బొటనవేలితో తీగను కొట్టి స్లాప్ వాయించేవారు తప్ప మిగిలినవారు కట్టేయవచ్చు, సన్నని బుస పోతుంది.

మిక్సర్‌కు పంపేటప్పుడు డీఐ బొత్తాన్ని ప్రీ మీద ఉంచండి, అలా చేస్తే మీరు వేదిక మీద నాబ్ తిప్పినా హాలులోని శబ్దం మారదు, సౌండ్ ఆపరేటరుకు మీ మీద కోపం రాదు. ఆ ఛానెల్‌కు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కొన్ని మైకుల కోసం మిక్సర్ పంపే కరెంటు) ఉంటే తీసేయమనండి. గుయ్‌మన్న మోత వస్తే మిక్సర్‌కు పోయే తీగలోని ఎర్త్‌ను మాత్రమే విడదీసే గ్రౌండ్ లిఫ్ట్ బొత్తం నొక్కండి. మోత పోతుందని కరెంటు ప్లగ్గులోని ఎర్త్ పిన్ను విరిచేవారున్నారు. దయచేసి ఆ పని ఎన్నడూ చేయకండి. మీ ఆంప్‌ను, మిక్సర్‌ను ఒకే బోర్డు నుంచి తీసుకొంటే సగం మోత దానంతటదే పోతుంది. జనరేటరు మీద నడిచే పందిట్లో ఎర్త్ సరిగా లేకపోతే, తీగల మీద చెయ్యి ఉంచి మైకులో పాడబోయినప్పుడు పెదవికి చురుక్కుమంటుంది. అది చిన్న చురుకే అనుకోకుండా అక్కడే ఆపి, ఎర్త్ కడ్డీ పాతించి తడి మన్ను వేయించిన తరువాతే మొదలుపెట్టండి.

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు, మధ్యాహ్నం సౌండ్ చెక్ కోసం పెట్టిన క్లాస్ డీ ఆంప్ తనంత తాను ఆగిపోవచ్చు. కంగారుపడకండి, లోపలి రక్షణ పనిచేస్తోంది. నీడకు జరిపి, వెనుక గాలి ఆడేలా జానెడు ఖాళీ వదిలితే పావుగంటలో లేస్తుంది. మైపాడు, కొత్తపట్నం వంటి తీరపు ఊళ్లలో వాయించి వచ్చిన రాత్రి, ఎంత నిద్ర వస్తున్నా, జాకులను పొడి గుడ్డతో తుడిచి, పెట్టె మీది ఉప్పు తడిని ఒత్తి తీసిన తరువాతే తొడుగు వేయండి.